ఇద్దరం నడిచింది ఒకే కొండ, కిలోమీటర్లు మాత్రం వేరు: ట్రెక్‌లో ఫోన్ జీపీఎస్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

కుమార పర్వత ట్రెక్ ఎన్ని కిలోమీటర్లు అని ఒకసారి నెట్‌లో వెతికి చూడండి. రానూపోనూ 22 అని ఒకరు, 24 అని ఒకరు, 28 అని ఇంకొకరు రాసి ఉంటారు. కొండ అదే, దారీ అదే. అందరూ జీపీఎస్ ఆన్ చేసుకునే నడిచారు, ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. మరి ఆరు కిలోమీటర్ల తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్న సరదాకి అడుగుతున్నది కాదు. చీకటి పడేలోపు కొండ దిగగలమా లేదా అని తేల్చుకోవాల్సిన చోట చాలామంది చూసేది ఫోన్‌లోని ఈ అంకెనే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కుమార పర్వత కర్ణాటకలో పుష్పగిరి వన్యప్రాణి అభయారణ్యంలో ఉంది, ఎత్తు 1,712 మీటర్లు. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లలో ట్రెక్కింగ్ పిచ్చి ఉన్నవాళ్లందరి లిస్టులోనూ ఇది ఉంటుంది. కుక్కే సుబ్రహ్మణ్య వైపు నుంచి వెళ్తే ముందు దట్టమైన అడవిలో చెట్ల వేళ్ల మీద నిలువుగా ఎక్కుడు, తర్వాత ట్రెక్కర్లకి భోజనం పెట్టే భట్టర మనె, దాని పైన అటవీ శాఖ ఆఫీసు, అక్కడి నుంచి చెట్టు నీడ కూడా దొరకని గడ్డి కొండలు, కల్లు మంటప, శేష పర్వత, చివర్లో బండ రాతి మీద పాకుడు. మొత్తం 1,500 మీటర్లకు పైగా ఎక్కాలి. పైన టెంట్లు వేయనివ్వరు కాబట్టి ఎక్కినవాళ్లు దిగాల్సిందే.

డిసెంబర్‌లో మా ఆయనా నేనూ ఒక్క రోజులో ఎక్కి దిగుదామని ఆ దారి పట్టాం. నా ఫోన్ బ్యాగ్ భుజం పట్టీకి, వాచ్ ఆయన చేతికి. రెండిట్లోనూ రికార్డింగ్ ఒకేసారి మొదలుపెట్టాం. శేష పర్వత చేరేసరికి ఫోన్ 12.2 కిలోమీటర్లు చూపించింది, వాచ్ 10.6. ఆఫీసులో రెండు సర్వర్లు ఒకే లెక్కకి ఇంత తేడాగా జవాబిస్తే ఆ రోజు ఎవరూ ఇంటికి వెళ్లరు!

చుక్కలు కరెక్టే, గీతతోనే గొడవ

జీపీఎస్‌కి దూరం తెలీదు. దానికి తెలిసింది ఒక్కటే: "ఈ క్షణంలో మీరు ఇక్కడ ఉన్నారు." సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సిగ్నల్ అందుకుని, అవి బయల్దేరిన టైమ్‌నీ చేరిన టైమ్‌నీ పోల్చి ఫోన్ ఒక చుక్క పెడుతుంది. ఆకాశం పూర్తిగా కనిపించే చోట మామూలు స్మార్ట్‌ఫోన్ పెట్టే చుక్క దాదాపు 5 మీటర్ల లోపు తేడాతో ఉంటుంది. అది మంచి నంబరే.

దూరం అనేది ఆ చుక్కల్ని కలిపి యాప్ గీసే గీత పొడవు. తేడా మొదలయ్యేది ఇక్కడే. చిన్న లెక్క చూడండి. కొండ మీద మీరు సెకనుకి ఒక మీటరు నడుస్తున్నారు, యాప్ సెకనుకో చుక్క పెడుతోంది అనుకుందాం. రెండో చుక్క మొదటిదానికన్నా అర మీటరు పక్కకి జరిగిందంటే యాప్ కొలిచేది ఒక మీటరు కాదు, 1.118 మీటర్లు. అంటే 12 శాతం ఎక్కువ. అదే యాప్ పది సెకన్లకో చుక్క పెడితే? మీరు 10 మీటర్లు నడిచి ఉంటారు, చుక్క పక్కకి జరిగింది అదే అర మీటరు. కొలత 10.012 మీటర్లు. తేడా దాదాపు సున్నా.

అయితే పది సెకన్లకోసారే పెడితే పోలా అంటారా? కొండ దారి సూటిగా ఉండదు. మెలికలు తిరుగుతుంది, రాళ్లు తప్పించుకుంటూ అటో అడుగు ఇటో అడుగు వేస్తాం. చుక్కలు దూరమయ్యే కొద్దీ ఆ మెలికలన్నీ గీతలో మాయమైపోతాయి. దగ్గరగా పెడితే నడవని దూరం కలుస్తుంది, దూరంగా పెడితే నడిచిన దూరం పోతుంది. మధ్యలో ఎక్కడ ఆగాలన్నది ఆ యాప్ రాసిన ఇంజినీర్ ఇష్టం. అందుకే ఒకే ఫోన్‌లో రెండు యాప్‌లు రెండు మాటలు చెప్తాయి.

ఇంటికొచ్చాక నా ఫోన్‌లోని జీపీఎక్స్ ఫైలు తీసి చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశాను. సెకనుకో చుక్కతో 12.2 కిలోమీటర్లు ఉన్నది, పదింటికి ఒక్క చుక్క ఉంచితే 11.3 అయింది. నిమిషానికి ఒకటి ఉంచితే 10.1. డేటా అదే, కొండ అదే, రెండు కిలోమీటర్లు ఆవిరి. వాచ్ బ్యాటరీ ఆదా మోడ్‌లో చుక్కలు అరుదుగా పెడుతోంది కాబట్టి 10.6 అంది. రెండూ వాటి లెక్క ప్రకారం కరెక్టే.

ఇంకో తమాషా. ఎక్కేటప్పుడు భట్టర మనె దగ్గర అరగంట కూర్చున్నాం. మ్యాప్‌లో జూమ్ చేసి చూస్తే అక్కడ సాలెగూడు ఉంది. మేం కదలకుండా మజ్జిగ తాగుతున్నంతసేపూ నా ఫోన్ అటూఇటూ గెంతుతూ 300 మీటర్లు "నడిచేసింది". ఆటో పాజ్ ఆప్షన్ ఉన్నది ఇందుకే. కాకపోతే నిలువు ఎక్కుళ్లలో మనం మరీ మెల్లగా నడుస్తుంటే, అది ఆగిపోయామనుకుని పాజ్ కొట్టేసే ప్రమాదమూ ఉంది.

ఏటవాలు దారి కదా, అందుకే తేడా వచ్చిందేమో అని చాలామంది అనుకుంటారు. పైథాగరస్‌ని అడిగితే సరి. అడ్డంగా 13 కిలోమీటర్లు, నిలువుగా ఒకటిన్నర అయితే వాలు వెంట పొడవు 13.086. అంత కొండకీ కలిసేది 86 మీటర్లే.

బండలు సిగ్నల్‌కి అద్దాలు

చుక్క పక్కకి ఎందుకు జరుగుతుంది? అడవిలో తడి ఆకులు సిగ్నల్‌ని బలహీనపరుస్తాయి. రాతి గోడ పక్కన నడిచేటప్పుడు ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. ఉపగ్రహం నుంచి నేరుగా వచ్చిన సిగ్నల్‌తోపాటు బండకి తగిలి తిరిగొచ్చిన సిగ్నల్ కూడా ఫోన్‌కి చేరుతుంది. తిరిగొచ్చినది ఆలస్యంగా వస్తుంది, ఆలస్యం అంటే ఫోన్ దృష్టిలో ఎక్కువ దూరం. దీన్నే మల్టీపాత్ అంటారు. హైటెక్ సిటీలో అద్దాల బిల్డింగుల మధ్య క్యాబ్ బుక్ చేస్తే మీ చుక్క అవతలి రోడ్డు మీద కనిపించేదీ ఇందుకే.

స్పెక్ షీట్‌లో మనం పట్టించుకోకుండా వదిలేసే "డ్యూయల్ ఫ్రీక్వెన్సీ జీపీఎస్" ఇక్కడ పనికొస్తుంది. పాత ఫోన్లు ఎల్1 అనే 1575.42 మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఒక్కటే వింటాయి. కొత్తవి కొన్ని ఎల్5, అంటే 1176.45 మెగాహెర్ట్జ్ కూడా వింటాయి. మామూలు ఎల్1 కోడ్‌లో ఒక్కో ముక్క గాలిలో 293 మీటర్ల పొడవుంటే, ఎల్5లో 29 మీటర్లే. ముక్క చిన్నదయ్యే కొద్దీ అసలు సిగ్నల్ ఏది, బండ మీద నుంచి తిరిగొచ్చింది ఏది అని విడదీయడం తేలిక. 2018లో షావోమీ ఎంఐ 8తో ఇది ఫోన్లలోకి వచ్చింది. ఆపిల్ 2022లో ఐఫోన్ 14 ప్రోతో మొదలుపెట్టింది. మన నావిక్ ఉపగ్రహాలు మొదటి నుంచీ ఎల్5లోనే ప్రసారం చేస్తున్నాయి కాబట్టి, నావిక్ సపోర్ట్ ఉన్న ఫోన్‌కి ఇండియాలో ఇంకొన్ని ఉపగ్రహాలు అదనం.

మీ ఫోన్‌లో ఎల్5 ఉందో లేదో తెలుసుకోవాలంటే ఆండ్రాయిడ్‌లో జీపీఎస్‌టెస్ట్ యాప్ వేసుకుని డాబా ఎక్కండి. ఏ ఉపగ్రహం నుంచి ఏ ఫ్రీక్వెన్సీ అందుతోందో లిస్ట్ చూపిస్తుంది. కెమెరా మెగాపిక్సెల్స్ గురించి పేజీలు రాసే కంపెనీలు దీన్ని మాత్రం స్పెక్ షీట్ అడుగున ఒక లైనులో పడేస్తాయి.

మధ్యాహ్నం 12:20, శేష పర్వత

ఇక అసలు విషయానికి వద్దాం. మేం డౌన్‌లోడ్ చేసుకున్న ట్రాక్ మీద ఒకవైపు 13 కిలోమీటర్లు అని ఉంది. ఫోన్ లెక్కన మాకు మిగిలింది 800 మీటర్లు. వాచ్ లెక్కన 2.4 కిలోమీటర్లు. ఆయనకి అప్పటికే కుడి మోకాలు కాస్త పట్టేసింది. అయినా శిఖరం ఎదురుగా కనిపిస్తుంటే ఎవరికైనా మనసు ఆగదు.

"నీ ఫోన్ ప్రకారం ఇంకో పావుగంట అంతే, పోయొచ్చేద్దాం" అన్నాడు.

"మరి నీ వాచ్ ప్రకారం?" అన్నాను.

"అది తక్కువ చూపిస్తోందిలే."

ఇష్టమైన అంకెని నమ్మడం అంటే ఇదే, మనందరికీ ఉన్న జబ్బే. అప్పుడు మేం ఆ రెండు అంకెల్నీ పక్కన పెట్టి ఆఫ్‌లైన్ మ్యాప్ తెరిచాం. పైన చెప్పుకున్నాం కదా, చుక్క నమ్మదగ్గది, గీత కాదు. ప్రతి చుక్కా ఉపగ్రహాల నుంచి కొత్తగా లెక్కగట్టిందే కాబట్టి ఉదయం నుంచి జరిగిన పొరపాట్లు దాని మీద పడవు. గీత పొడవులో మాత్రం ఉదయం ఆరు నుంచి జరిగిన ప్రతి చిన్న తేడా పేరుకుంటూ వస్తుంది. కాబట్టి "ఎంత నడిచాం" అన్నది వదిలేసి, "ఎక్కడున్నాం, ఇక్కడి నుంచి పైకి ఏముంది" అన్నది చూడాలి.

మ్యాప్‌లో కాంటూర్ గీతలు చూస్తే సంగతి తెలిసిపోయింది. శేష పర్వత నుంచి శిఖరానికి దారి నేరుగా పైకి పోదు. ముందు ఒక చిన్న అడవిలోకి దిగి, మళ్లీ రాతి గోడ ఎక్కాలి. వచ్చేటప్పుడు ఆ దిగిందంతా మళ్లీ ఎక్కాలి.

దీనికి లెక్క కట్టే పద్ధతి ఒకటుంది. 1892లో స్కాట్లాండ్‌కి చెందిన విలియం నైస్మిత్ చెప్పింది, ఇప్పటికీ వాడతారు: ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. 13 కిలోమీటర్లకి రెండు గంటల 36 నిమిషాలు, 1,500 మీటర్ల ఎక్కుడికి రెండున్నర గంటలు. ఆగకుండా నడిస్తే మొత్తం ఐదు గంటల పైచిలుకు. గమనించారా, సగం టైమ్ ఎత్తుకే పోతోంది. ఈ సూత్రంలో ఫోన్‌కీ వాచ్‌కీ మధ్య ఉన్న 1.6 కిలోమీటర్ల తేడా విలువ 19 నిమిషాలే. నైస్మిత్ చెప్పింది బలంగా నడిచేవాళ్ల లెక్క, విశ్రాంతి కలపలేదు. మా వేగం చూసుకుని చివరి ముక్కకి గంట వేసుకున్నాం.

అంటే శిఖరం మీద 1:20. మేం ఇంట్లోనే రాసుకున్న గడువు ఒంటి గంట. అదేదో గాలిలోంచి పుట్టింది కాదు: డిసెంబర్‌లో అక్కడ ఆరు దాటితే చీకటి, దిగడానికి నాలుగున్నర గంటలు, పైన అరగంట చేతిలో ఉండాలి. చివరి అడవి భాగం వేళ్లూ రాళ్లతో నిండి ఉంటుంది. పట్టేసిన మోకాలితో అక్కడ టార్చ్ వెలుతురులో దిగడం మాకిద్దరికీ ఇష్టం లేదు.

రెండు ఫొటోలు తీసుకుని వెనక్కి తిరిగాం. మోకాలి వల్ల దిగడం అనుకున్నదానికన్నా ఆలస్యమైంది. రోడ్డు మీదకి వచ్చేసరికి 5:40, ఇంకా వెలుతురుంది.

ఎత్తు అంకెలో రెండు తిరకాసులు

ఎత్తు చూసుకుని నిర్ణయం తీసుకోవాలంటే ఆ ఎత్తు ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలి. కొన్ని యాప్‌లు జీపీఎస్ ఇచ్చే ముడి ఎత్తుని అలాగే చూపిస్తాయి. అది సముద్ర మట్టం నుంచి కొలిచింది కాదు, భూమిని నున్నటి గుడ్డు ఆకారంగా ఊహించి ఆ గుడ్డు ఉపరితలం నుంచి కొలిచింది. ఈ రెండింటికీ తేడా ప్రపంచంలో ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఖర్మకి మన దక్షిణ భారతం, శ్రీలంక వైపు గురుత్వాకర్షణ తేడాల వల్ల సముద్ర మట్టం ఆ ఊహా ఉపరితలం కన్నా చాలా కిందికి ఉంటుంది. పడమటి కనుమల్లో 80 మీటర్లకు పైనే. అంటే 1,712 మీటర్ల శిఖరం మీద నిలబడినా ముడి ఎత్తు చూపించే యాప్ 1,630 లోపే అంటుంది. "ఇంకా 80 మీటర్లు ఎక్కాలా?" అని మీరు పైకి చూస్తే ఆకాశం తప్ప ఏమీ ఉండదు. డెవలపర్ మిత్రులకో మాట: ఆండ్రాయిడ్‌లో మనం మామూలుగా పిలిచే గెట్‌ఆల్టిట్యూడ్ ఇచ్చేది ఈ గుడ్డు ఎత్తే. సముద్ర మట్టం నుంచి ఎత్తుకి ఆండ్రాయిడ్ 14లో వేరే ఫంక్షన్ ఇచ్చారు.

రెండోది బారోమీటర్. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, దాన్ని బట్టి సెన్సర్ ఎత్తు చెప్తుంది. మెట్లు ఎక్కినా పట్టేసేంత సూక్ష్మంగా ఉంటుంది కాబట్టి "ఎంత ఎక్కాం" అన్నదానికి జీపీఎస్ కన్నా ఇదే మేలు. కాకపోతే మన ఉష్ణమండలంలో గాలి ఒత్తిడి రోజూ ఒక పద్ధతిగా ఊగుతుంది. ఉదయం పది ప్రాంతంలో ఎక్కువ, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. తేడా సుమారు 3 హెక్టోపాస్కల్స్. ఒక్కో హెక్టోపాస్కల్ అంటే ఎనిమిది తొమ్మిది మీటర్లు. కాబట్టి మీరు పొద్దుట్నుంచీ ఒకే బండ మీద కూర్చున్నా సాయంత్రానికి వాచ్ మిమ్మల్ని పాతిక మీటర్లు పైకి ఎక్కించేస్తుంది. నమ్మకపోతే ఆదివారం బారోమీటర్ ఉన్న ఫోన్‌ని టేబుల్ మీద పెట్టి ఉదయం పదికీ సాయంత్రం నాలుగుకీ రీడింగ్ చూడండి. ట్రెక్‌లో అయితే మ్యాప్‌లో ఎత్తు తెలిసిన చోట ఆగినప్పుడల్లా సరిచేసుకుంటే చాలు.

బ్యాటరీ: ఇద్దరుంటే ఒక సౌకర్యం

అడవిలో బ్యాటరీని తినేది జీపీఎస్ అనుకుంటాం. అంతకన్నా పెద్ద దొంగ మొబైల్ సిగ్నల్. టవర్ దొరకనప్పుడు ఫోన్ పదే పదే వెతుకుతూ, ఎక్కువ పవర్‌తో పిలుస్తూ ఉంటుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. జీపీఎస్ వినడమే తప్ప పంపేది ఏమీ లేదు కాబట్టి ఇప్పటి ఫోన్లలో ఆ మోడ్‌లోనూ హాయిగా పనిచేస్తుంది.

ఒక్క జాగ్రత్త. నెట్ ఉన్నప్పుడు ఫోన్ ఉపగ్రహాల స్థానాల వివరాల్ని సర్వర్ నుంచి క్షణంలో తెచ్చుకుంటుంది. నెట్ లేకపోతే ఉపగ్రహం నుంచే వినాలి. ఆ వేగం ఎంతో తెలుసా? సెకనుకి 50 బిట్లు. మనం 5జీ స్లో అని తిట్టుకుంటాం! ఒక్కో ఉపగ్రహం వివరం పూర్తిగా రావడానికి కనీసం 18 సెకన్లు, మధ్యలో చెట్టు అడ్డొస్తే మళ్లీ మొదటికి. అందుకే ఊరు దాటకముందే మ్యాప్ తెరిచి చుక్క స్థిరపడేదాకా ఆగి, అప్పుడు ఎయిర్‌ప్లేన్ మోడ్ నొక్కాలి. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌అండ్ లాంటి యాప్‌లలో ఆ ప్రాంతం మ్యాప్ ముందురోజే దించుకోండి. ట్రాకింగ్ యాప్‌కి బ్యాటరీ సెట్టింగ్స్‌లో "అన్‌రిస్ట్రిక్టెడ్" ఇవ్వండి, లేకపోతే స్క్రీన్ ఆగిన పది నిమిషాలకి కొన్ని ఫోన్లు దాన్ని చంపేస్తాయి.

ఇద్దరు వెళ్తే రెండు ఫోన్లూ రికార్డింగ్‌లో పెట్టడం దండగ. మేం నా ఫోన్‌ని నడిపి, ఆయన ఫోన్‌ని పూర్తిగా ఆఫ్ చేసి ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాగ్ అడుగున పెట్టాం. దాదాపు పన్నెండు గంటల తర్వాత నాది 38 శాతం, ఆయనది 97. ఎంత ఖరీదైన పవర్ బ్యాంక్ కన్నా ఆఫ్ చేసిన ఫోన్ మంచి బ్యాకప్, ఎందుకంటే మొదటి ఫోన్ బండ మీద పడి పగిలితే పవర్ బ్యాంక్ ఏం చేయలేదు. కాకపోతే ఆఫ్‌లైన్ మ్యాప్ రెండో ఫోన్‌లోనూ దించి ఉండాలి. వీలైతే రెండింట్లో వేర్వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకోండి. కొండ మీద ఒకదానికి లేని చోట ఇంకోదానికి ఒక గీతైనా దొరకొచ్చు.

ప్రమాదంలో 112కి కాల్ చేస్తే మీ సిమ్ కంపెనీ టవర్ లేకపోయినా, అందుబాటులో ఉన్న వేరే కంపెనీ టవర్ ద్వారా వెళ్తుంది. ఏ టవరూ లేకపోతే వెళ్లదు. ఐఫోన్‌లో ఉపగ్రహం ద్వారా ఎస్‌ఓఎస్ పంపే సదుపాయం ఇండియాలో లేదు. విదేశాల్లో ట్రెక్కర్లు వాడే శాటిలైట్ మెసెంజర్లు చూసి ముచ్చటపడి ఎవరిచేతైనా తెప్పించుకుందాం అనుకోకండి. ఇక్కడ అనుమతి లేకుండా అవి దగ్గరుంటే నేరం, అలాంటివి బ్యాగులో పెట్టుకొచ్చిన విదేశీయుల్ని మన విమానాశ్రయాల్లో పట్టుకున్న సందర్భాలున్నాయి. ప్రస్తుతానికి చేయగలిగింది ఒక మెసేజ్. బయల్దేరే ముందు ఇంట్లోవాళ్లకి ఏ దారిన ఎక్కుతున్నారో, ఎన్నింటికి వెనక్కి తిరుగుతారో, రాత్రి ఎన్నింటిదాకా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో రాసి పంపండి. అది మాత్రం ఎయిర్‌ప్లేన్ మోడ్ నొక్కకముందే పంపాలి.